గునుగు లెక్కపెట్టనివ్వండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. పత్తి, మక్క వేస్తాం. అమ్మాయి బీఎస్సీ బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) రెండో సంవత్సరం. బీఈడీ చేసి టీచర్ అవమంటే, అడవులు, వాతావరణ మార్పుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. కాలేజీలో చెప్పుకోదగ్గ ల్యాబ్ లేదు. ఇందులో బతుకుదెరువు ఉంటుందా?

జవాబు: మీ అమ్మాయి ఒక్క మాటలో రెండు వేరు చదువులు అడుగుతోంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన కొట్టింది. అంత వాన ఎందుకు పడింది, మళ్లీ పడే అవకాశం ఎంత అని తేల్చేది వాతావరణ శాస్త్రం. దానికి లెక్కలు, ఫిజిక్స్ గట్టిగా కావాలి. బైపీసీ నుంచి అటు మళ్లడం కష్టం. మరుసటేడు ఆగస్టు చివర్లో తాడ్వాయి అడవిలో గాలివానకు వేల చెట్లు కూలాయి. ఆ ఖాళీలో ఏ మొక్కలు లేస్తున్నాయి, ఏ పిట్టలు వెళ్లిపోయాయి అని చూసేది జీవ సంరక్షణ శాస్త్రం. బీజడ్‌సీ వాళ్లకు ఇది సొంత దారే.

ల్యాబ్ సంగతి వదిలేయండి, మీ చేను ఉందిగా. ఒకప్పుడు బతుకమ్మకు చేనుకు పోతే మోపెడు గునుగు పువ్వు దొరికేది, ఇప్పుడు కొనుక్కుంటున్నాం అని మీ ఇంట్లోనూ అనుకునే ఉంటారు. గడ్డిమందు వల్లే అంటాం. మీ ఊళ్లో ఎవరైనా లెక్కపెట్టి చూశారా? (పత్తి రైతుగా మీకు గునుగు కలుపే, నాకు తెలుసు. అయినా కాసేపు ఓపిక పట్టండి.)

గడ్డిమందు కొట్టే పత్తి చేలు పది, కొట్టనివి పది తీసుకోమనండి. పత్తిని పత్తితోనే పోల్చాలి, మక్కతో కాదు. నాలుగు కర్రలు, సుతిల్ తాడుతో మీటరు చదరం చట్రం కట్టి, ఒక్కో చేనులో అయిదు చోట్ల పరిచి లోపలి గునుగు మొక్కలు లెక్కపెట్టాలి. గునుగు బాగా ఉన్న చోటే చట్రం వెయ్యాలనిపిస్తుంది. అలా వేస్తే లెక్క చెడిపోతుంది, అందుకే చోట్లు ముందే చీటీలు తీసి ఖాయం చేసుకోవాలి. ఒక్క మొక్కా లేని చోట సున్నా రాయాలి. తేదీ, మందు పేరు, ఎన్నిసార్లు కొట్టారు, కలుపు ఎన్నిసార్లు తీశారు, అన్నీ నోట్‌బుక్కులో ఉండాలి. ఏ చేనుకు ఏ మందు పడిందో మీకంటే బాగా తెలిసిన గైడు ఆమెకు దొరకడు. రెండు వానాకాలాలు ఇలా చేస్తే, ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి ఆమెకు సొంత పని ఉంటుంది.

పాకాల దగ్గరే కదా అని జంతువుల మీద మొదలుపెట్టనివ్వకండి. అది అభయారణ్యం. అక్కడ పరిశోధనకు అటవీశాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి. పిట్టల మీద మనసుంటే మాదన్నపేట చెరువు గట్టు మీద కూర్చుని వారానికోసారి లెక్కపెట్టి, ఎవరైనా తాము చూసిన పిట్టల్ని రాసిపెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేయొచ్చు. ఇంట్లో ఉన్నప్పుడు స్టాటిస్టిక్స్, ఆ లెక్కలు కంప్యూటర్‌లో చేసే ‘ఆర్’ (R) ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. ఆర్ ఉచితమే. డబ్బులిస్తే వారంలో మీ పేపరు వేస్తామనే జర్నళ్ల జోలికి మాత్రం పోవద్దు. తెలిసినవాళ్ల ముందు అది పరువు తీస్తుంది.

డిగ్రీలో ఉండగానే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయాలి. ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని. పీజీకి డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) మంచివి, సీట్లు బహు తక్కువ. ఎన్‌సీబీఎస్ తన వన్యప్రాణి ఎమ్మెస్సీ కోర్సులో ఏడాది విడిచి ఏడాది చేర్చుకుంటుంది కాబట్టి డిగ్రీ అయ్యే ఏడుకు కుదురుతుందో లేదో ముందే చూసుకోండి.

బతుకుదెరువు మాటకొస్తే, పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. రాకపోతే ఏడాదికో ప్రాజెక్టు, అయిపోగానే మరొకటి వెతుక్కోవాలి. ముప్పై దాటేదాకా కుదురైన కొలువు ఉండకపోవచ్చు, ఇది ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. బోటనీ, జువాలజీ చదివినవాళ్లు ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షా రాయొచ్చు. బీఈడీ ఎక్కడికీ పోదు, పీజీ అయ్యాకైనా చేయొచ్చు.

ఈ వానాకాలం పత్తి మొలిచి, మొదటి గడ్డిమందు పడకముందే మొదటి లెక్క పూర్తవ్వాలి. పక్క చేను రైతు చట్రం వెయ్యనిస్తాడో లేదో మీరే ఒకమాట అడిగిపెట్టండి. అమ్మాయి అడిగితే నవ్వుతారు.