తండా బడికి పోతున్న నా బుజ్జికి పెద్దమ్మ రాసేది

అమ్మా బుజ్జీ,

నిన్న ఫోన్లో నీ మాట విన్నాక సంతోషంతో నాకు గొంతు పెగల్లేదు, పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కాఫీ తాగి కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నా. 2018 తర్వాత మళ్ళీ డీఎస్సీ ఎప్పుడా అని ఏడేళ్ళు చూశావు, పసిదాన్ని మీ అమ్మ దగ్గర వదిలి అవనిగడ్డ హాస్టల్లో చదువుకున్నావు, 16,347 పోస్టుల్లో ఒకటి నీదైంది. మనింట్లో నా తర్వాత బడి పంతులమ్మవి నువ్వే తల్లీ.

నువ్వు అడిగింది ఒకటే, మార్కాపురంలో కాపురం పెట్టి రోజూ స్కూటీ మీద తండాకి పోయిరావాలా, లేకపోతే ఆ దగ్గర్లోనే ఉండాలా అని. టౌన్లో ఉంటే పాపకి మంచి స్కూల్ ఉంటుందని అల్లుడు అంటున్నాడని చెప్పావు. నన్నడిగితే కనీసం మొదటి మూడేళ్ళు అక్కడే ఉండండి. తండాలో ఇల్లు దొరక్కపోతే రోడ్డు మీదున్న పంచాయతీ ఊళ్ళో రెండు గదులు చూసుకోండి, బడికి రెండు మూడు కిలోమీటర్ల లోపు ఉంటే చాలు. ఇది బడి కోసం మాత్రమే చెప్తున్న మాట కాదు, ఇంటి కోసం కూడా.

నేను 1974లో పంచాయతీ సమితి స్కూల్లో టీచర్‌గా చేరేనాటికి నాకు ఇరవై ఒకటి, నల్లమల కింద ఊరు, ఏకోపాధ్యాయ బడి, రోజుకి ఒకే బస్సు, జీతం మూడొందలు కూడా లేదు. అప్ అండ్ డౌన్ చెయ్యాలన్నా కుదరదు కాబట్టి ఊళ్ళోనే ఒక గది తీసుకున్నా. సాయంత్రం ఆ గది ముందు అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుకుంటుంటే బడిలో తెలియనివన్నీ అక్కడ తెలిసేవి. ఇంకో ఊళ్ళో పనిచేసేటప్పుడు మూడో తరగతి పిల్ల ఒకతి సోమవారం గురువారం వచ్చేది కాదు, వచ్చిన రోజున నేను నిలబెట్టి అడిగితే తల దించుకునేది, రెండు మూడుసార్లు గట్టిగా కేకలేశాను కూడా. ఆ ఊళ్ళో బోరు నీళ్ళు ఫ్లోరైడ్ నీళ్ళు, తాగేదానికి పనికిరావు, మంచినీళ్ళ ట్యాంకర్ వారంలో ఆ రెండ్రోజులే సరిగ్గా తొమ్మిదింటికి వస్తుంది, వాళ్ళమ్మ అప్పటికే కూలికి పోయుంటుంది, బిందెలు పట్టేది ఈ పిల్లే. ఒక సెలవు రోజు నేను కూడా బిందె తీసుకుని లైన్లో నిలబడితేనే నాకు ఆ సంగతి తెలిసింది, నా ముందు ఆ పిల్ల తనంత ఎత్తు బిందె పెట్టుకుని నిలబడుంది. ట్యాంకర్ అబ్బాయిని బతిమాలి మా ఊరికి ఏడింటికే వచ్చేట్టు ఒప్పించాను, ఆ తర్వాత ఆ పిల్ల ఒక్క రోజు మానలేదు. నాలుగున్నరకి తాళం వేసి బస్సెక్కే మనిషినైతే నేను ఇంకా ఆ పిల్లని కేకలేస్తూనే ఉండేదాన్ని బుజ్జీ, ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

నీది సుగాలీ తండా కదా, పిల్లలు ఇంట్లో వాళ్ళ భాషే మాట్లాడతారు, ఒకటో తరగతికి వచ్చేసరికి వాళ్ళకి తెలుగు సగమే వచ్చి ఉంటుంది. ఆ పిల్లల్ని చూసి మొద్దులు అనుకునేవాళ్ళని నేను చాలామందిని చూశాను, నువ్వు అట్లా అనుకోవద్దు. యాడి అంటే అమ్మ, పాణి అంటే నీళ్ళు, బాటి అంటే రొట్టె, ఇట్లాంటివి ఒక యాభై మాటలు మొదటి నెలలోనే పిల్లల దగ్గర నేర్చుకో, నేర్పమని వాళ్ళనే అడుగు, టీచరమ్మకి పాఠం చెప్తున్నామని వాళ్ళ మొహాలు వెలిగిపోతాయి. మూడు వారాలు నోరు విప్పని పిల్లాడొకడు నేను పాణి కావాలా అని అడగ్గానే గ్లాసు తెచ్చుకుని నా పక్కనే కూర్చున్నాడు, ఇక ఆ ఏడాదంతా నా పక్కన్నించి లేవలేదు.

సంక్రాంతి దాటగానే జనం మిరపకోతలకి గుంటూరు పల్నాడు వైపు పోతారు, పిల్లల్ని కూడా తీసుకుపోతారు, ఉగాదికి తిరిగొచ్చేసరికి నేర్చుకున్నదంతా మర్చిపోయి ఉంటారు. ఈ సంగతి జనవరిలో ఆలోచిస్తే లాభం లేదు, డిసెంబర్లోనే ఇల్లిల్లూ తిరిగి, పిల్లాణ్ణి అవ్వ దగ్గర వదిలిపెట్టండి, మధ్యాహ్నం అన్నం బడిలో ఉంది, సాయంత్రం దాకా నేను చూసుకుంటా అని చెప్పాలి. మా కాలంలో ఇది చాలా కష్టంగా ఉండేది, 1995 నుంచి నెలకి మూడు కిలోల బియ్యం ఇచ్చేవాళ్ళు కానీ ముసలామె అవి వండి పెట్టగలగాలి కదా, 2003 జనవరిలో బడిలోనే వండి పెట్టడం మొదలయ్యాకే తల్లులు ధైర్యంగా వదిలిపోవడం మొదలుపెట్టారు. ఆ అన్నం నువ్వూ వాళ్ళతో పాటే కూర్చుని తిను, క్యారేజీ తీసుకుపోవద్దు. పప్పు నీళ్ళగా ఉందో ఉప్పు ఎక్కువైందో అప్పుడే తెలుస్తుంది, వండే ఆమె కూడా జాగ్రత్తగా వండుతుంది.

పాఠం సంగతి నీకు ట్రైనింగ్‌లో చాలా చెప్పుంటారు, నేను ఒక్కటే చెప్తా. రోజూ ప్రతి పిల్లనీ ఒంటరిగా నీ పక్కన కూర్చోబెట్టుకుని మూడు నిమిషాలు చదివించు, ఇరవై మంది ఉంటే గంట పడుతుంది, ఆ గంటసేపు పెద్ద పిల్లలకి లెక్కలిచ్చి కూర్చోబెట్టు. అందరితో కలిపి గట్టిగా చదివిస్తే ఎవరికి వచ్చో ఎవరికి రాదో దేవుడికి కూడా తెలియదు.

ఇది నేను నేర్చుకుంది నా కొడుకు దగ్గర. మీ చిన్నన్నయ్య మూడో తరగతి, నా బళ్ళోనే, నా ఎదురుగానే కూర్చునేవాడు, పాఠం మొత్తం గడగడా చెప్పేవాడు, సరిగ్గా ఎక్కడ పేజీ తిప్పాలో అక్కడే తిప్పేవాడు. నేను ఊరందరి పిల్లల్ని సాయంత్రం ఏడున్నర దాకా అరుగు మీద చదివించి, వాడికి ఎట్లాగూ వచ్చులే అని వదిలేసేదాన్ని. ఒక రాత్రి కరెంటు పోయి లాంతరు దగ్గర వాడు చదువుతుంటే నేను పక్కన కూర్చున్నా, పుస్తకం గాలికి లేస్తోందని పేజీ మీద చెయ్యి పెట్టాను, వాడు ఆగిపోయాడు. చదవరా అన్నా. అమ్మా చెయ్యి తియ్యవా బొమ్మ కనపడట్లా అన్నాడు. అప్పుడు బొమ్మ అట్లాగే మూసి పైన ఉన్న ఒక్క మాట చూపించి చదవమంటే వాడి పెదాలు కదల్లేదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాడికి వత్తులు సరే, గుణింతాలే రావు, నేను చెప్పే పాఠం విని బట్టీ పట్టేశాడు.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మర్నాటి నుంచి ఏడింటికల్లా ఊరి పిల్లల్ని పంపించేసి ఏడు నుంచి ఎనిమిది దాకా నా ఇద్దరికే అని పెట్టుకున్నా, ఎవరొచ్చి పిలిచినా ఆ గంట లేచేదాన్ని కాదు, వాడు దారిలో పడటానికి ఏడాది పట్టింది. నువ్వు ఆ గంట మొదటి రోజు నుంచే పెట్టుకో. పాపని తండా అంగన్‌వాడీలో వెయ్యి, తర్వాత నీ బడిలోనే చేర్చు, నీ బిడ్డ అక్కడే చదువుతోందంటే తల్లులు నిన్ను నమ్మే తీరే మారిపోతుంది. కాకపోతే దాని చదువు నువ్వొక్కదానివే చూడొద్దు, రెండో టీచర్ ఉంటే ఆమెతోనో లేకపోతే అల్లుడితోనో నెలకోసారి చదివించి చూడమను, కన్నతల్లికి బిడ్డ తప్పు కనపడదు.

ఇల్లు దగ్గరుంటే ఎంత మేలో మీ నానమ్మ పడిపోయినప్పుడు చూశాను. మా అత్తగారు పక్షవాతంతో నాలుగేళ్ళు మంచంలో ఉన్నారు, మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పోయి జావ తాగించి, పక్క మార్చి, మళ్ళీ బెల్లు టైంకి వచ్చేదాన్ని, ఉద్యోగానికి లీవ్ పెట్టాల్సిన పని పడలేదు. టౌన్ నుంచి వచ్చిపోయేదాన్నైతే ఉద్యోగమో ఆమో ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చేది.

అల్లుణ్ణి కూడా బడి పనిలో కలుపుకో, అదేదో నీ ఒక్కదాని ఉద్యోగం అన్నట్టు ఉంచొద్దు. మీ పెదనాన్న మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవారు, అంచు విరిగి అమ్మకానికి పనికిరాని పలకలు అడిగి తీసుకుని శనివారం సైకిల్ వెనక కట్టుకొచ్చేవారు, రాత్రి పూట కూర్చుని పిల్లల వేళ్ళు తెగకుండా ఆ అంచులు గరుకు కాగితంతో రుద్దేవారు. ఆ ఊళ్ళో పలక లేదని బడి మానిన పిల్ల లేదు. చివరి ఆరేళ్ళు దగ్గుతోనే గడిపారు, ఆ రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరిందని డాక్టర్ చెప్పాడు, అయినా ఆ శనివారాల గురించి ఎవరైనా ఎత్తితే లేచి కూర్చునేవారు.

కాగితాల సంగతి కూడా రాసేస్తా. నా రెండో కాన్పు సెలవు సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కించలేదు, నేను కూడా చూసుకోలేదు, 2011లో రిటైరయ్యాక ఆ ఒక్క ఎంట్రీ కోసం పదకొండు నెలలు పెన్షన్ ఆగింది, ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి. ఇప్పుడన్నీ ఆన్‌లైన్ అంటారు, అయినా ఏడాదికోసారి ఆ రిజిస్టర్ తీయించి చూసుకో, ప్రతి ఆర్డర్ జిరాక్స్ తీసి ఒక ఫైల్లో పెట్టుకో. మీది సీపీఎస్, అంటే పెన్షన్ కోసం మీ జీతంలోంచి కూడా డబ్బు కట్టే పద్ధతి, బేసిక్ డీఏ మీద పది శాతం కట్ అవుతుంది, అది సరిపోతుందని కూర్చోకుండా పాప పేరు మీద విడిగా కొంచెం వేసుకో. 1983లో రిటైర్మెంట్ వయసు ఉన్నట్టుండి 58 నుంచి 55కి తగ్గించినప్పుడు మా పెద్ద మేష్టారొకాయన ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు పెట్టుకుని ఇంటికెళ్ళిపోయారు, ఆ రోజు ఆయన మొహం నాకు ఇంకా గుర్తుంది.

రూం చూశాక ఫోన్ చెయ్యి. కిటికీల కొలతలు పంపిస్తే దోమతెర ఇక్కడే కుట్టిస్తా, బాత్రూంకి లోపలి గడియ ఉందో లేదో చూసుకో. మీ పెదనాన్న రుద్దిన పలకలు అటక మీద ఇంకా పద్నాలుగు ఉన్నాయి, నిన్న దించి తుడిచి పెట్టాను, వచ్చే ఆదివారం బస్సులో నేనే తీసుకొస్తా.

మీ పెద్దమ్మ