కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులో ఆ పారిష్ లైను దేనికి?

మార్చిలో కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద కట్టే స్థానిక పన్ను) బిల్లులు వచ్చాయంటే, ఇంగ్లండ్‌లో కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళ నుంచి నాకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అక్కా, కౌన్సిల్ ట్యాక్స్‌లో పోలీసు, ఫైర్ సరే, పారిష్ అని ఇంకో లైను వేశారు. మేము చర్చికి వెళ్ళం కదా, మాకెందుకు?"

చర్చికీ దానికీ సంబంధం లేదు. ఒకప్పుడు ఊరి వ్యవహారాలు చర్చి చూసుకునేది. 1894లో వచ్చిన చట్టం ఆ బాధ్యతలు విడదీసి, జనం ఎన్నుకునే పారిష్ కౌన్సిళ్ళకు ఇచ్చింది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఇలాంటివి సుమారు 10,000 ఉన్నాయి. కొన్నిచోట్ల టౌన్ కౌన్సిల్ అని పిలుస్తారు, అధికారాలు మాత్రం అవే. అన్నిచోట్లా ఉండవు. రెడింగ్ పట్టణంలో లేదు, దాన్ని ఆనుకుని ఉన్న అర్లీ, వుడ్లీలలో టౌన్ కౌన్సిళ్ళు, షిన్‌ఫీల్డ్‌లో పారిష్ కౌన్సిల్ ఉన్నాయి. మిల్టన్ కీన్స్ మొత్తం పారిష్‌లుగానే ఉంది, స్విండన్ కూడా 2017 నుంచి అంతే. లండన్‌లో 2014లో క్వీన్స్ పార్క్‌కు ఒకటి వచ్చింది, మిగతా నగరానికి లేదు. మీ ఊరికి ఉందో లేదో మీ బిల్లు చూస్తే తెలిసిపోతుంది.

నేను మా ఊరి పారిష్ కౌన్సిల్లో సభ్యురాలిని. ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మనవాళ్ళు ఇళ్ళు కొంటున్నది ఎక్కువగా పాత ఊళ్ళ అంచున పొలాల్లో లేచిన కొత్త ఎస్టేట్లలో. ఆ ఎస్టేట్ పిల్లలు నడిచే దారి, ఆడుకునే ఉయ్యాల, బస్సు ఆగే చోటు, ఇవన్నీ చర్చకు వచ్చేది నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న హాల్లో. అక్కడ మన ఎస్టేట్ల నుంచి మనిషి కనబడడమే అరుదు. మనం గ్రూపుల్లో రాసుకుని ఊరుకుంటాం. ఆ రాతలు కౌన్సిల్ పనులు చూసే ఉద్యోగి, అంటే క్లర్కు దాకా చేరవు.

మన గ్రామ పంచాయతీ లాంటిదేనా అని అడుగుతారు. కొంతవరకు అంతే, కానీ సర్పంచ్‌ను పట్టుకుంటే పని అవుతుందనే అలవాటు ఇక్కడికి తీసుకురాకండి. ఛైర్‌కు (కౌన్సిల్ అధ్యక్షుడికి) గానీ, మరే ఒక్క సభ్యుడికి గానీ సొంతంగా నిర్ణయం తీసుకునే హక్కు చట్టం ఇవ్వలేదు. అందరూ కూర్చుని తీర్మానం చేయాలి, లేదా ఆ పని కమిటీకో క్లర్కుకో అప్పజెప్పి ఉండాలి. మాకెవరికీ జీతం లేదు. జీతం ఉన్నది క్లర్కుకు, అదీ చాలా ఊళ్ళలో వారానికి కొన్ని గంటల ఉద్యోగమే. కాబట్టి మీరు ముందు రాయాల్సింది క్లర్కుకు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఎజెండాలో లేని విషయం మీద కౌన్సిల్ నిర్ణయం తీసుకోకూడదు. మీటింగ్‌కు కనీసం మూడు పూర్తి రోజుల ముందే (ఆదివారాలు, బ్యాంకు సెలవులు కాక) ఎజెండా నోటీసు బోర్డు మీద పెట్టాలి. మీ సమస్య అందులోకి రావాలంటే వారం పది రోజుల ముందే ఈమెయిల్ పెట్టండి.

ఇక ఎవరి పని ఏది అన్న గందరగోళం. రోడ్డు మీద గుంతలు, ట్రాఫిక్ సిగ్నళ్ళు, స్కూలు సీట్లు కౌంటీ కౌన్సిల్‌వి. చెత్త డబ్బాలు, ఇంటి ప్లానింగ్ అనుమతులు డిస్ట్రిక్ట్‌వి. యూనిటరీ కౌన్సిల్ ఉన్నచోట ఈ రెండూ ఒకరే చూస్తారు. పారిష్ చేతిలో ఉండేవి చిన్నవి: ఆటస్థలం, బెంచీలు, బస్ షెల్టర్, అలాట్‌మెంట్లు (కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న ప్లాట్లు), కొన్నిచోట్ల వీధి దీపాలు, సమాధుల స్థలం. విలేజ్ హాలు చాలా ఊళ్ళలో వేరే ట్రస్టుది. గుంత గురించి మాకు రాస్తే మేము కౌంటీకి పంపుతాం, కానీ మీరే నేరుగా వాళ్ళ వెబ్‌సైట్లో ఫొటోతో పెడితే త్వరగా అవుతుంది.

కొత్త ఎస్టేట్ వాళ్ళకు మాత్రం ఇక్కడ ఇంకో చిక్కుంది. దీని గురించి ఇల్లు కొనకముందే తెలిసుండాలి. చాలా ఎస్టేట్లలో రోడ్లనూ పార్కులనూ ఏ కౌన్సిలూ స్వాధీనం చేసుకోలేదు, అవి మేనేజ్‌మెంట్ కంపెనీ చేతిలో ఉంటాయి. అక్కడివాళ్ళు కౌన్సిల్ ట్యాక్స్ పూర్తిగా కడుతూ, పైన ఏటా ఎస్టేట్ ఛార్జీ కూడా కడతారు. గడ్డి కోయలేదని మా దగ్గరికి వస్తే ఆ నేల మాది కాదని చెప్పాల్సి వస్తుంది. అలా చెప్పినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ కుటుంబానికి ఈ మాట ఎవరూ ముందు చెప్పి ఉండరు. ఇల్లు కొనేటప్పుడు సొలిసిటర్‌ను రెండు విషయాలు అడగండి. రోడ్ల స్వాధీనానికి సెక్షన్ 38 ఒప్పందం ఉందా? పార్కు, డ్రైనేజీ చెరువు ఎవరికి వెళతాయి? సెక్షన్ 106 ఒప్పందంలో బిల్డరు ఊరికి ఏమేం ఇస్తానన్నాడో కూడా చదవండి. అది డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో ప్లానింగ్ కాగితాలతో పాటే ఉంటుంది. ఆటస్థలం కట్టిస్తామని రాసి ఇళ్ళన్నీ అమ్ముడయ్యాక కూడా కట్టకపోతే, పారిష్ మీటింగ్‌లో ఆ పేజీ చూపించి అడగవచ్చు. అప్పుడు మేము డిస్ట్రిక్ట్‌ను గట్టిగా అడగగలం. కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ వసూలు చేసే చోట, ఊళ్ళో కొత్త ఇళ్ళ మీద వచ్చే సొమ్ములో 15 శాతం పారిష్‌కు వస్తుంది. ఊరికి నైబర్‌హుడ్ ప్లాన్ (ఊరివాళ్ళే తయారు చేసుకున్న ప్లానింగ్ ప్రణాళిక) ఉంటే 25 శాతం. అంటే ఆ డబ్బు వచ్చేది మీ ఎస్టేట్ వల్లే. దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో చెప్పేందుకు మీలో ఎవరో ఒకరు రావాలి కదా.

ఆ మీటింగ్ ఎలా ఉంటుందో చెబుతాను, వెళ్ళాలంటే చాలామందికి టెన్షన్. సాయంత్రం పూట హాల్లో బల్లలు కలిపి వేసి ఉంటాయి, ఏడెనిమిది మంది సభ్యులు, ఒక చివర లాప్‌టాప్‌తో క్లర్కు. ఎదురుగా జనం కోసం వేసిన కుర్చీలు దాదాపు ఖాళీగా ఉంటాయి. ముందు రానివాళ్ళ పేర్లు, తర్వాత ఫలానా అంశంలో నాకు సొంత ప్రయోజనం ఉందని సభ్యులు చెప్పుకోవడం, తర్వాత పోయిన నెల మినిట్స్ (మీటింగ్‌లో జరిగినదాని రికార్డు). జనం మాట్లాడే సమయం చాలాచోట్ల మొదట్లోనే, ఒక్కొక్కరికి సుమారు మూడు నిమిషాలు. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, 1960 నాటి చట్టం ఇచ్చిన హక్కు అది. వీసా అడగరు.

మా ఎస్టేట్ నుంచి ఒక నాన్న అలా వచ్చాడు. స్కూలుకు నడిచే దారిలో వంపు దగ్గర పేవ్‌మెంట్ ఆగిపోతుంది, పిల్లలు రోడ్డు దాటి అటువైపు వెళ్ళాలి. అతను పొద్దున స్కూలు టైములో తీసిన నాలుగు ఫొటోలు ప్రింట్ వేసి తెచ్చాడు. ఒక ఫొటోలో హెడ్జ్ పెరిగి పేవ్‌మెంట్ మీదికి వచ్చేసింది, పుష్‌చెయిర్ పట్టడం లేదు, ఆ తల్లి రోడ్డు మీదికి దిగి తోస్తోంది. అతను కోపంగా మాట్లాడలేదు, ఎవరినీ తిట్టలేదు, ఏం కావాలో రెండు వాక్యాల్లో చెప్పాడు. హెడ్జ్ విషయం త్వరగానే తేలింది: క్లర్కు ఆ ఇంటివాళ్ళకు ఉత్తరం రాసింది, వాళ్ళు కొట్టించారు. క్రాసింగ్ మా చేతిలో లేదు, కౌంటీ హైవేస్ వాళ్ళది. దానికి సర్వే, బడ్జెట్, ఇంకో ఏడాది చర్చ. ఇంకా రాలేదు. కానీ అది ఇప్పుడు మా మినిట్స్‌లో ఉంది, మీటింగ్‌కు వచ్చే కౌంటీ కౌన్సిలర్‌ను ప్రతిసారీ అడుగుతున్నాం. మినిట్స్‌లో లేని సమస్యను అడిగేవాడు ఉండడు.

ఏడాది మొత్తం ఎలా నడుస్తుందో తెలిస్తే ఎప్పుడు వెళ్ళాలో తెలుస్తుంది. మేలో కౌన్సిల్ వార్షిక సమావేశం, ఛైర్ ఎన్నిక. ఇదికాక మార్చి 1కీ జూన్ 1కీ మధ్య పారిష్ వార్షిక సభ ఒకటి జరగాలి. అది కౌన్సిల్ మీటింగ్ కాదు, ఊరి ఓటర్ల సభ. సాయంత్రం ఆరు దాటాకే మొదలవ్వాలి, ఓటరు జాబితాలో ఉన్న ప్రతివాళ్ళూ మాట్లాడవచ్చు, ఓటు వేయవచ్చు. అవును, ఓటు. భారత పాస్‌పోర్టు ఉన్నా, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నా, చదువుకోవడానికి వచ్చినా, కామన్‌వెల్త్ పౌరులుగా మీకు ఇక్కడ ఓటుంది, పార్లమెంటు ఎన్నికలతో సహా. ఇది తెలియక ఏళ్ళ తరబడి నమోదు చేసుకోనివాళ్ళను చూశాను. ఆన్‌లైన్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుతో చేసుకోవచ్చు. 2023 మే నుంచి పోలింగ్ దగ్గర ఫొటో ఐడీ చూపాలి, భారత పాస్‌పోర్టు చెల్లుతుంది.

వేసవి అంతా గడ్డి కోయడం, ఆటస్థలం తనిఖీ, విలేజ్ ఫేట్ (ఊరి సంబరం). జూన్, జూలైలలో 30 పనిదినాల పాటు కౌన్సిల్ లెక్కలు ఎవరైనా అడిగి చూడవచ్చు. మనవాళ్ళకు బాగా నచ్చేది అలాట్‌మెంట్. పూర్తి ప్లాటు పది రాడ్లు, అంటే సుమారు 300 గజాలు, ఇప్పుడు ఎక్కువగా సగమే ఇస్తున్నారు. కొత్తిమీర, మెంతికూర, పాలకూర బయటే బాగా వస్తాయి. గోంగూరకు, సొరకాయకు పాలీటన్నెల్ వేడి కావాలి. వెయిటింగ్ లిస్టు ఉంటుంది కనుక ఊళ్ళో దిగిన నెలలోనే పేరు ఇచ్చేయండి. అసలు ఊళ్ళో అలాట్‌మెంట్లే లేకపోతే, ఆరుగురు ఓటర్లో కౌన్సిల్ ట్యాక్స్ కట్టేవాళ్ళో కలిసి రాసి ఇస్తే కౌన్సిల్ దాన్ని పరిశీలించి తీరాలని 1908 నాటి చట్టం చెబుతోంది.

శరదృతువులో మన పండుగలూ ఊరి పట్టింపులూ ఎదురుపడతాయి. దీపావళి రాత్రి బాణసంచా ఒంటిగంట దాకా కాల్చుకోవచ్చు, మామూలు రోజుల్లో పదకొండు వరకే. చట్టం ఒప్పుకుంటుంది కానీ పక్క పొలంలో గుర్రాలుంటాయి, ఎదురింట్లో ముసలి కుక్క ఉంటుంది. తేదీ, సమయం రాసి నోటీసు బోర్డులో పెట్టమని క్లర్కుకు పంపండి, పక్కింటివాళ్ళకు నోటితో చెప్పండి. చెప్పి చేసినచోట ఫిర్యాదులు రాకపోవడం నేను చూశాను. వినాయకుణ్ణి మాత్రం ఊరి చెరువులో వేయకండి. మట్టి విగ్రహం తెచ్చుకుని ఇంట్లోనే బకెట్లో నిమజ్జనం చేసుకోండి. నవంబరు రెండో ఆదివారం రిమెంబ్రెన్స్ సండే, యుద్ధ స్మారకం దగ్గర రెండు నిమిషాల మౌనం. పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. ఆ యుద్ధాల్లో మన దేశపు సైనికులూ లక్షల్లో పోరాడారు, అక్కడ నిలబడే హక్కు మనకూ ఉంది.

నవంబరు నుంచి జనవరి వరకు బడ్జెట్. మీ బిల్లులో ఆ లైను ఎంతో తేలేది జనవరి మీటింగ్‌లో. ఇంగ్లండ్ మొత్తం మీద 2025-26లో బ్యాండ్ డి ఇంటికి (విలువను బట్టి ఇళ్ళకు పెట్టే పన్ను తరగతుల్లో మధ్యది) సగటు వంద పౌండ్ల లోపే, కానీ ఊరికీ ఊరికీ చాలా తేడా ఉంటుంది. పెద్ద కౌన్సిళ్ళ పెంపుకు ప్రభుత్వం పెట్టే పరిమితి ఇప్పటివరకు పారిష్‌లకు పెట్టలేదు. అందుకే మార్చిలో బిల్లు చూసి కోపం తెచ్చుకునే కన్నా జనవరిలో వచ్చి అడగడం మంచిది.

ప్లానింగ్ ఏడాది పొడుగునా ఉంటుంది. పక్కింటి ఎక్స్‌టెన్షన్ దరఖాస్తు మీద పారిష్ అభిప్రాయం మాత్రమే చెబుతుంది, నిర్ణయం డిస్ట్రిక్ట్‌ది. మామూలుగా 21 రోజుల గడువు. మీరు రాసేటప్పుడు వెలుతురు, పక్కవాళ్ళ కిటికీ నుంచి మీ తోట కనిపించడం, పార్కింగ్, నీళ్ళు పోయే దారి, ఇలాంటివి రాయండి. మా ఇంటి ధర పడిపోతుందని రాస్తే దాన్ని లెక్కలోకి తీసుకోరు.

సభ్యులుగా నిలబడవచ్చా అని అడిగేవాళ్ళకు: 18 ఏళ్ళు నిండి, ఆ ఊరి ఓటరై, ఐఎల్ఆర్ (గడువు లేకుండా ఇక్కడ ఉండే అనుమతి) ఉంటే చాలు, బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు. ఎన్నికలు నాలుగేళ్ళకోసారి, మే మొదటి గురువారం. మధ్యలో ఖాళీ వస్తే, పదిమంది ఓటర్లు 14 పనిదినాల్లోపు ఎన్నిక కోరకపోతే కౌన్సిలే ఒకరిని తీసుకోవచ్చు. చాలా ఊళ్ళలో ఇలాగే జరుగుతుంది, ఎందుకంటే నిలబడేవాళ్ళు లేరు. నేనూ అలాగే వచ్చాను. 2024 డిసెంబరులో ప్రభుత్వం కౌంటీ, డిస్ట్రిక్ట్ రెండంచెల పద్ధతి తీసేసి పెద్ద యూనిటరీలు పెడతామని ప్రకటించింది. అవి వచ్చినచోట ఊరికి దగ్గరగా మిగిలేది పారిష్ ఒక్కటే.

ఐఎల్ఆర్ ఇంకా రానివాళ్ళకు కూడా పనికేమీ కొదవ లేదు. వసంతంలో లిటర్ పిక్, అంటే వీధుల్లో చెత్త ఏరడం ఉంటుంది, చెత్త ఏరే కర్ర, హై విజ్ జాకెట్ మేమే ఇస్తాం. కమ్యూనిటీ స్పీడ్‌వాచ్‌లో పోలీసుల దగ్గర శిక్షణ తీసుకుని, స్పీడు కొలిచే పరికరంతో రోడ్డు పక్కన నిలబడతారు. వేగంగా వెళ్ళినవాళ్ళకు పోలీసుల నుంచి ఉత్తరం వెళుతుంది, ఫైన్ ఉండదు. చాలా ఊళ్ళలో దానికి మనుషులు సరిపోక వారాలు తప్పిపోతున్నాయి. క్లర్కుకు మీ పేరు, వీధి, ఏ రోజుల్లో ఖాళీగా ఉంటారో మూడు వాక్యాల్లో రాసి పంపండి, వచ్చే మీటింగ్ తేదీ కూడా అందులోనే అడగండి.