స్పానిష్ వాళ్ల 'యా' గోల ఏంటి?

ప్రశ్న: సార్, నేను స్పానిష్ సీరియల్స్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తుంటా. ప్రతి రెండో డైలాగ్‌లో 'యా' అంటారు, కింద మాత్రం ఒకసారి 'ఆల్రెడీ' అని, ఒకసారి 'ఇప్పుడే' అని, ఇంకోసారి 'చాలు' అని వస్తుంది. అసలు అర్థం ఏది? – ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: అన్నీ కరెక్టేనమ్మా. మన 'అవును'కి యాస అనుకోవద్దు, స్పానిష్‌లో అవునుకి 'సీ' ఉంది, కాకపోతే చిలీలో మాత్రం 'యా' అంటే సరే, ఓకే అని కూడా వాడేస్తారు. 'యా కోమీ' అంటే తినేశా. 'యా వోయ్' అంటే ఇదిగో వస్తున్నా, నిజానికి 'వోయ్' అంటే వెళ్తున్నా అని, పిలిచినవాళ్ల దగ్గరికి వెళ్లడాన్ని వాళ్లు అలాగే చెప్తారు. పిల్లలు అల్లరి చేస్తుంటే తల్లి 'యా!' అని ఒక్క కేక వేస్తే ఇక ఆపండ్రా అని. 'నో కోమో కార్నే' అంటే మాంసం తినను, అంతే, అదే ముందు 'యా' తగిలించి 'యా నో కోమో కార్నే' అన్నారనుకోండి, ఒకప్పుడు తినేవాణ్ణి ఇప్పుడు మానేశా అని, చిన్న ముక్కే కానీ పాత కథంతా చెప్పేస్తుంది.

నాకు బాగా నచ్చేది 'యా తే యమారే'. ఫోన్ చేస్తాలే అని. ఆ 'లే' ఉంది చూశారూ, అచ్చం అదే, ఎప్పుడు చేస్తారో మాత్రం అడక్కూడదు. 'యా, యా' అని సాగదీస్తే ఆఁ ఆఁ నమ్మేశాంలే అని వెటకారం.

అన్నట్టు బ్యూనస్ ఎయిర్స్ వాళ్లు దీన్ని 'షా' అంటారు, కంగారు పడకండి.