టెక్సాస్‌లో స్పెయిన్ పాలన ఎందుకు పోయింది? దాని ఆనవాళ్లు ఇప్పుడేమైనా ఉన్నాయా?

శాన్ ఆంటోనియోలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. చుట్టాలొస్తే ముందు అలామో అనే పాత కట్టడం చూపించాలి, తప్పదు. చూసి "ఇంతేనా?" అంటారు. పైగా అక్కడి ప్రసిద్ధ యుద్ధం, మెక్సికో సైన్యానికీ టెక్సాస్ తిరుగుబాటుదారులకీ మధ్య, 1836లో జరిగింది. అప్పటికి స్పెయిన్ వెళ్లిపోయి పదిహేనేళ్లు.

అలామో మొదట 1718లో పెట్టిన మిషన్. 1731 కల్లా నది వెంబడి అలాంటివి ఐదయ్యాయి. మిషన్ అంటే చర్చి ఒక్కటే కాదు, చుట్టూ గోడ కట్టిన పల్లె, పొలాలు, పశువుల మందలు కూడా. స్థానిక తెగల వాళ్లని తెచ్చి, మతం మార్చి, స్పెయిన్ రాజుగారి రైతుల్ని చేయాలన్నది పథకం. మశూచి, తట్టు వాళ్లలో ఎంతోమందిని మింగేశాయి. ఆ మాట ఎత్తకుండా ఆ రాతిగోడల అందాన్ని పొగడాలంటే నాకు మనసొప్పదు.

ఇక పాలన పోవడం గురించి. నన్నడిగితే అది ఎప్పుడూ గట్టిగా వేళ్లూనుకోలేదు. పక్కన లూసియానాలో ఉన్న ఫ్రెంచివాళ్లు ఎక్కడ చొరబడతారోనన్న భయంతో పెట్టుకున్న కాపలా అది. మ్యాప్‌లో పెద్ద రాష్ట్రం, తీరా చూస్తే రెండు మూడు ఊళ్లు, కొన్ని వేల మంది జనం. పక్కనే సముద్రం ఉన్నా ఓడ సరుకు అక్కడ దించనిచ్చేవారు కాదు. వెరాక్రూజ్ రేవులో దింపి, మెక్సికో అంతా తిప్పి, నేల దారిన పంపేవారు. కాకినాడ వాడికి సరుకు ముంబైలో దింపి బండి మీద పంపినట్టన్నమాట. 1758లో కొమాంచీ తెగవాళ్లు, వాళ్ల మిత్ర తెగలు కలిసి శాన్ సబా మిషన్‌ని తగలబెట్టారు. 1785లో సంధి కుదిరాక ఏటా కానుకలిచ్చి శాంతి నిలబెట్టుకోవాల్సి వచ్చింది.

అసలు దెబ్బ మాత్రం స్పెయిన్ తనకి తానే కొట్టుకుంది. 1810లో మెక్సికోలో మొదలైన తిరుగుబాటు ఇక్కడికీ పాకింది. 1813 ఆగస్టులో శాన్ ఆంటోనియోకి దక్షిణాన, మెదీనా నది దగ్గర జరిగిన పోరులో సుమారు 1,400 మంది తిరుగుబాటుదారుల్లో వందమంది కూడా ప్రాణాలతో బయటపడలేదు. తర్వాత స్పెయిన్ సైన్యాధిపతి అర్రెదోందో శాన్ ఆంటోనియోలో జనాన్ని కాల్చి చంపించాడు, మిగిలినవాళ్లు పారిపోయారు. ఉన్నదే కొద్దిమంది, వాళ్లనీ పోగొట్టుకున్నారు. 1821 జనవరిలో మోజెస్ ఆస్టిన్ అనే అమెరికన్‌కి తనవాళ్లని తెచ్చి ఇక్కడ స్థిరపడనిచ్చే అనుమతి ఇచ్చిందీ స్పెయిన్ అధికారులే. అదే ఏడాది మెక్సికో స్వతంత్రమైంది, దానితోపాటే టెక్సాస్ కూడా స్పెయిన్ చేయి దాటిపోయింది.

ఆనవాళ్లంటారా, ఇల్లు కొన్నప్పుడు నాకే ఒకటి తగిలింది. లోన్ నా ఒక్కడి పేరు మీదే అయినా మా ఆవిడ సంతకం కూడా అడిగారు. పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అన్న ఇక్కడి సూత్రం స్పెయిన్ చట్టం నుంచి వచ్చిందే. 1840లో ఇంగ్లిష్ చట్టానికి మారినా దాన్ని వదల్లేదు. పాత భూముల సర్వేల్లో 'వారా' అనే కొలత ఉంటుంది, మన గజానికి సుమారు మూడంగుళాలు తక్కువ. నదుల పేర్లు, రాంచ్, రోడియో లాంటి మాటలు సరేసరి.

వీటన్నిటికన్నా నాకిష్టమైనది ఎస్పాడా కాలువ. నదికి ఆనకట్ట కట్టి మళ్లించిన నీళ్లని ఒక వాగు మీదుగా దాటించడానికి 1740ల్లో రాతి వంతెన కట్టారు. ఇప్పటికీ దాని మీద నీళ్లు పారుతున్నాయి, పొలాలకి అందుతున్నాయి. వీళ్లు దాన్ని 'అసేకియా' అంటారు, స్పెయిన్‌వాళ్లకి అరబ్బుల నుంచి వచ్చిన మాట. పూర్వం నీళ్లు వంతులవారీగా వదిలేవారు.

మా నాన్నగారు కోనసీమ రైతు. ఇక్కడికి వచ్చినప్పుడు అలామోలో పావుగంటకే "పదరా" అన్నారు. కాలువ దగ్గర మాత్రం గట్టున గొంతుక్కూర్చుని, నీళ్లలో చెయ్యి పెట్టి చూసి అడిగారు: "శివారుకి నీళ్లందుతాయా? ఇక్కడ లస్కరు ఎవరు?"