ప్లాస్టిక్ కిటికీ చిరిగిందని లక్ష రూపాయల అప్పా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. నా వయసు 34. చేతికి వచ్చే జీతం 58,000. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో సాఫ్ట్ టాప్ థార్ (గుడ్డ పైకప్పు ఉండే మహీంద్రా జీపు) కొన్నాను. అత్యవసరానికని దాచిన 1,60,000 దాని డౌన్ పేమెంట్‌కే అయిపోయాయి. ఇంకా 31 నెలలు 13,400 చొప్పున వాయిదాలు కట్టాలి. వాయిదా, అద్దె, బాబు బడి అన్నీ కలిపి నెలకు 46,000 ఖర్చు. బండి ఆరుబయట ఎండలోనే ఉంటుంది. ఎడమ పక్క ప్లాస్టిక్ కిటికీ మడత దగ్గర జానెడు చిరిగింది. వెనక కిటికీ పచ్చబడి, రివర్స్ చేసేటప్పుడు ఏమీ కనిపించడం లేదు. టాప్ తీసేసి హార్డ్ టాప్, అంటే గట్టి పైకప్పు వేయిస్తే 95,000 అవుతుందట. క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీకి 24 వాయిదాలు ఇస్తామంటున్నారు, నెలకు 4,650. అది కట్టగలను. ఒక యాప్ అయితే నెలకు 3 శాతం వడ్డీకి లక్ష ఇప్పుడే ఇస్తానంటోంది, ఫీజు 4 శాతం. ఏది మేలు? బీమా క్లెయిమ్ చేయవచ్చా? ఖాతాలో 22,000 ఉన్నాయి. ఆటో టాపులు కుట్టే ఆయన కిటికీలు మాత్రం మార్చడానికి 4,500 అడిగారు.

జవాబు: అసలు పరిష్కారం మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం. దాన్ని అంత అడుగుకు ఎందుకు నెట్టారో నాకు అర్థం కాలేదు. 4,500 పని ముందుంటే, 95,000 పనికి ఏ అప్పు మంచిదని అడుగుతున్నారు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. వస్తువు మారుతుంది, ఒకరికి ఫ్రిజ్, ఒకరికి ఫోను. చిన్న మరమ్మతు వచ్చినప్పుడు చేతిలో దాచిన డబ్బు ఉండదు. ఎలాగూ అప్పు చేయాలి కదా, చేసేదేదో పెద్దదే చేద్దాం అనిపిస్తుంది. మీరు సరిగ్గా అక్కడే ఉన్నారు.

ముందు ఆ ఆటో టాపుల ఆయన దగ్గరికి వెళ్లండి. నాకూ ఒకప్పుడు పాత జీపు ఉండేది, ఈ పని దగ్గరుండి చూశాను. కుట్టు విప్పి పాత ప్లాస్టిక్ తీశారు. దాన్నే కొలతగా పెట్టి కొత్త షీటు మీద సుద్దతో గీశారు. షీటు కాసేపు ఎండలో పరిచి మెత్తబడనిచ్చారు. తర్వాత లావు పాలిస్టర్ దారంతో రెండు వరసలు కుట్టారు. మధ్యాహ్నానికి పని పూర్తయింది. కొత్త కిటికీ చుట్టూ గుడ్డ మాత్రం పాతదే, ఆ తేడా కొంచెం కనిపించేది. దాంతోనే ఇంకా నాలుగేళ్లు తిరిగాను. మీరు షీటు మందం చూసుకుని తీసుకోండి, పల్చటిది త్వరలోనే ముడతలు పడుతుంది. 4,500లో కొంత తగ్గించమని అడిగినా తప్పులేదు.

ఆయన దగ్గరికి వెళ్లేలోపు చిరుగు పెరగకుండా చూసుకోండి. చిరుగు కొసన చిన్న గుండ్రటి రంధ్రం చేస్తే అది ముందుకు పాకదు. సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరాక లోపలా బయటా పారదర్శకమైన టేపు వేయండి. వెనక కిటికీకి మాత్రం టేపుతో లాభం లేదు. పైన గీతలైతే ప్లాస్టిక్ పాలిష్‌తో పోతాయి గానీ, ఎండకు లోపలి దాకా పచ్చబడినది మళ్లీ తెల్లబడదు. వెనక వచ్చేది కనిపించని బండిని రోడ్డు మీదికి తీయకూడదు కాబట్టి దాన్ని ఈ వారమే మార్పించండి.

బీమా సంగతి. ఎండకు పచ్చబడటం, మడత దగ్గర చీలడం వాడకంలో వచ్చే అరుగుదల. దానికి పాలసీ రూపాయి కూడా ఇవ్వదు. పోనీ, ఏ కొమ్మో గుచ్చుకుని చిరిగిందనే అనుకుందాం. బిల్లులో షీట్లకు 3,000, కూలికి 1,500 పోయాయనుకోండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగుదల తీసేస్తారు. షీట్లకు 1,500, కూలికి 1,500 కలిపి 3,000 మిగులుతుంది. 1,500 సీసీ దాటిన కారుకు అందులో తప్పనిసరిగా మీరు భరించవలసింది 2,000. చేతికి వచ్చేది వెయ్యి. ఆ వెయ్యి కోసం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. వరుసగా మూడేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 35 శాతం. ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మీ బండికి జరిగే నష్టానికి కట్టేది) 12,000 అనుకుంటే 4,200 పోగొట్టుకున్నట్టే. తరుగుదల తీసేయని జీరో డిప్ పాలసీ ఉన్నా ఈ బిల్లుకు క్లెయిమ్ దండగే.

ఇక మీ అప్పుల లెక్క. కార్డు మీద 24 వాయిదాలకు మొత్తం 1,11,600 కడతారు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో మూడు వేలు. యాప్ సంగతి ఇంకా దారుణం. నెలకు 3 శాతమంటే ఏడాదికి 36. లక్షలో ఫీజు 4,000, దాని మీద జీఎస్టీ 720 ముందే పట్టుకుంటారు. చేతికి వచ్చేది 95,280, వడ్డీ మాత్రం పూర్తి లక్షకు. రెండేళ్ల పాత బండి అప్పు మీద ఇంకో అప్పు ఎక్కించి, దాన్ని కిటికీల ఖర్చని ఎలా పిలుస్తాం? బంగారం మీద అప్పు వీటికన్నా చౌక, కానీ ఈ పనికి అదీ వద్దు. పైగా హార్డ్ టాప్ అంటే బండి స్వరూపం మార్చడమే. బండిలో చేసే మార్పుల గురించిన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి రవాణా కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ కనుక్కోకుండా దాన్ని ముట్టుకోవద్దు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచింది. మీ దగ్గర అత్యవసర నిధి లేదు. ఉన్న 1,60,000 బండి కొనడానికి వాడారు. బండి కొనడం అత్యవసరం కాదు. మీ ఖర్చుకు ఆరు నెలల నిధి అంటే 2,76,000. ఖాతాలోని 22,000 పక్షం రోజులకు కూడా సరిపోదు. రేపు మీ ఉద్యోగం రెండు నెలలు ఆగితే బండి వాయిదా ఎవరు కడతారు? మీ ఆవిడ నగలేనా? ఆ ఆలోచన మీకు కిటికీ చిరిగిన రోజున రాలేదు. ఇప్పుడైనా రావాలి.

నెలకు 4,650 కట్టగలనని మీరే రాశారు. బ్యాంకుకు కట్టగలిగినవారు తమకు తాము కట్టుకోలేరా? జీతం పడిన మర్నాడే తీసుకునేలా రికరింగ్ డిపాజిట్ పెట్టండి. 24 నెలలకు అదే 1,11,600, పైన వడ్డీ మీకే. కిటికీలకు 4,500 పోగా మిగిలే 17,500ను కూడా వేరే ఖాతాకు మార్చి, దాని డెబిట్ కార్డు ఇంట్లోనే ఉంచండి. మొదటి గమ్యం లక్ష. 31 నెలలయ్యాక బండి వాయిదా 13,400 కూడా అందులోకే మళ్లించండి. లక్ష పూర్తయ్యే దాకా మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే కొత్త సిప్‌ల ఊసే వద్దు. ఆరోగ్య బీమా ఆఫీసుదే అయితే, మీ ముగ్గురికీ వేరే పాలసీ ఈ ఏడాదే తీసుకోండి.

కొత్త కిటికీలను పొడి గుడ్డతో తుడవకండి, దుమ్ము గీతలు పెడుతుంది. నీళ్లు పోశాకే తుడవాలి. అద్దాలకు వాడే అమోనియా ద్రావణాలు వద్దు. టాప్ తీసినప్పుడు కిటికీలను మడత పెట్టకుండా పాత దుప్పటిలో చుట్టండి. ఎండ పడకుండా ఒక కవరు కొనుక్కోండి, అదీ అప్పు చేయకుండానే.

ఆ యాప్‌ను ఈ రోజే తీసేయండి. తీసేముందు ఫోటోలకు, కాంటాక్టులకు అనుమతి ఇచ్చారేమో చూసి, ఇచ్చి ఉంటే రద్దు చేయండి. అప్పుల యాప్‌లు వాటి జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన.