స్టిక్కర్లు సరే, చెవి చూపించారా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పాపకి తొమ్మిదేళ్లు. పాఠం అప్పజెప్పినప్పుడల్లా ఒక స్టిక్కరు ఇస్తే చాలు, హుషారుగా చదువుతుంది. బాబుకి ఏడేళ్లు, ఒడియా మీడియం రెండో తరగతి. చాక్లెట్ అన్నా, మొబైల్ అన్నా లొంగడు. పిలిస్తే పలకడు, డిక్టేషన్ అంతా తప్పులే. మెడికల్ షాపులో అడిగి జ్ఞాపకశక్తి టానిక్ పోస్తున్నాం. అప్పుడప్పుడు చెవి కారుతుంది, నూనె వేస్తే తగ్గుతుంది. వీడికి ఏం బహుమతి ఇస్తే చదువుతాడు?
– ఒక తల్లి

జవాబు: బహుమతి సంగతి తర్వాత అమ్మా. మీరు మాటవరసకి రాసిన ఆ చెవి దగ్గరే నేను ఆగిపోయాను. పిలిస్తే పలకడు, డిక్టేషన్‌లో తప్పులు, పైగా చెవి కారుతోంది. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. చూడకుండా ఇదే జబ్బని చెప్పలేను. కర్ణభేరికి చిల్లు ఉండొచ్చు, లేకపోవచ్చు. సగం వినపడే పిల్లాడు ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొచ్చేస్తాడు. పక్క గదిలోంచి పిలిస్తేనే దొరికిపోతాడు. మొండివాడని ఇంట్లో అంటారు. ఇంట్లో తెలుగు కదా, ఒడియా రాదులే అని బడిలో సరిపెట్టుకుంటారు.

నూనె ఇవాళ్టితో ఆపండి. చిల్లుంటే అది తిన్నగా లోపలికి పోతుంది. చీము ఆగినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు. ఎవరికో రాసిన చుక్కల మందు మిగిలింది కదా అని వేయడం ఇంకా తప్పు. జెంటామైసిన్ లాంటి మందున్న చుక్కలు చిల్లున్న చెవిలో పడితే, కొందరికి లోపలి చెవి దెబ్బతిని ఉన్న వినికిడీ పోవచ్చు. ఏం మందు వేశారని అడిగితే నా దగ్గరికొచ్చేవాళ్లు పేరు చెరిగిపోయిన సీసా చూపిస్తారు, దానికి మూత కూడా ఉండదు!

ఈ వారంలోనే జిల్లా ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించండి. ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, అక్కడ కుదరకపోతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి వెళ్లండి. అంతవరకు స్నానంలో చెవిలోకి నీళ్లు పోనివ్వొద్దు. చెవి వెనక వాపు, జ్వరంతో వాంతులు, మూతి వంకరపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ పూటే తీసుకెళ్లాలి. టానిక్‌తో వినికిడి రాదు.

ఇక మీరడిగింది. అక్కకి పనిచేసింది తమ్ముడికి పనిచేయాలని లేదు. ఇచ్చాక ఆ పని మళ్లీ మళ్లీ చేస్తేనే అది ప్రోత్సాహం, లేకపోతే దండగ ఖర్చు. వాడి మనసు దేనిమీదుందో చూడండి, నాన్నతో బండి మీద ఒక రౌండు కావచ్చు. నాలుగు మాటలు సరిగ్గా రాయగానే, ఎదురుగా కూర్చుని, ‘ఈ లైను ఒక్క తప్పు లేకుండా రాశావురా’ అనండి. ఆదివారం ఇస్తానంటే ఏడేళ్లవాడికి ఆనదు. అలవాటు పడ్డాక ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు. అలిగినప్పుడు మొబైల్ చేతిలో పెడుతున్నారేమో చూసుకోండి, అలాగైతే వాడు నేర్చుకునేది అలగడమే.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ టానిక్ సీసా, చెవిలో ఇదివరకు వేసినవేవైనా ఉంటే అవీ పట్టుకెళ్లండి.