పాస్‌బుక్ వస్తుంది సరే, ఆ దారి ఎవరి పేరు మీద ఉంది?

ప్రశ్న: పదేళ్లుగా హైదరాబాద్‌లో అద్దెకు ఉంటున్నాం. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఒక ఊరి పక్కన ఐదు గుంటల ఫామ్ ప్లాట్ చూశాం, చిన్న ఇల్లు కట్టుకుని అక్కడే ఉండిపోవాలని ఆశ. మూడెకరాల చేను ముక్కలు చేసి అమ్ముతున్నారు. భూమి వాళ్ల నాన్నది, ఆయన పోయాక పెద్దకొడుకు పేరు మీదికి వచ్చింది. తమ్ముడు సంతకం పెడతాడట, చెల్లెళ్లిద్దరికీ పెళ్లిళ్లయిపోయాయి. పాస్‌బుక్ మీ పేరు మీద వస్తుంది, పంచాయతీలో ఇంటి నంబరు మేమే ఇప్పిస్తాం అంటున్నాడు మధ్యవర్తి. 50 వేలు టోకెన్ ఇచ్చాం. శుక్రవారానికి ఐదు లక్షలు నగదు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి. కొనడమే వద్దని చెప్పడం లేదు, శుక్రవారం నాడు ఆ ఐదు లక్షలు మాత్రం ఇవ్వకండి.

అన్నిటికన్నా ముందు దారి గురించి మాట్లాడతాను, ఎందుకంటే మీరు రాసిన ఉత్తరంలో దారి ఊసే లేదు, ఊరి బయట భూములు కొన్నవాళ్లు నా దగ్గరికి ఏడుస్తూ వచ్చేది ఎక్కువగా దీని గురించే. మీరు చూడటానికి వెళ్లినప్పుడు కారు నేరుగా ప్లాటు దాకా వెళ్లే ఉంటుంది, మొరం పోసి చదును చేసిన దారి, అటూ ఇటూ తెల్లసున్నం కొట్టిన రాళ్లు. అంత దూరం కారు పోయింది కదా అని మనసు కుదుటపడుతుంది. కానీ ఆ మొరం కింద ఉన్న నేల కూడా ఎవరో ఒకరి పట్టాయే. అది ఎవరి పాస్‌బుక్‌లో ఉందో అడగండి.

సాధారణంగా జరిగేది చెబుతాను. మూడెకరాలంటే 120 గుంటలు. ముక్కలుగా అమ్మేది వంద గుంటలు అనుకుందాం, మిగిలిన ఇరవై దారి. అమ్మిన వంద కొన్నవాళ్ల పేర్లకు పోతాయి, ఆ ఇరవై మాత్రం పెద్దన్న పాస్‌బుక్‌లోనే ఉండిపోతాయి. రికార్డులో అది దారి కాదు, వ్యవసాయ భూమే. రేపు ఆయన దాన్ని తాకట్టు పెట్టొచ్చు, అమ్మొచ్చు, ఆయన పోయాక పిల్లలు పంచుకోవచ్చు. ఆమోదం పొందిన లేఅవుట్‌లో అయితే రోడ్లను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసిస్తారు, కాబట్టి ఈ బాధ ఉండదు. ఫామ్ ప్లాట్లలో అలా రాసివ్వడం ఉండదు.

నా దగ్గరికి వచ్చిన ఒక దంపతుల సంగతి ఇది. రిజిస్ట్రేషన్ అయింది, పాస్‌బుక్ వచ్చింది, పునాది తవ్వారు. ఒక రోజు పొద్దున్నే చూస్తే దారికి అడ్డంగా జేసీబీతో తీసిన కందకం, మోకాలి లోతు. దారి మొదట్లో ఓ యాభై అడుగులు పక్క రైతు చేనులోంచి పోతోంది, ఇంతకాలం మొహమాటానికి ఊరుకున్నాడు, అమ్మినవాడితో ఏదో మాటా మాటా వచ్చేసరికి తవ్వేశాడు. సిమెంటు లారీ రోడ్డు మీదే ఆగిపోయింది, బస్తాలు అక్కడే దించేసి వెళ్లిపోయాడు డ్రైవర్, ఆ రాత్రి వాన పడింది. ఆమె తడిసి గడ్డకట్టిన బస్తాల ఫొటో నాకు చూపించిన తీరు ఇప్పటికీ గుర్తుంది. ఆ రైతు తప్పేమీ లేదు, ఆయన భూమి ఆయన తవ్వుకున్నాడు. కోర్టులో దారి హక్కు అడగొచ్చు నిజమే, కానీ వాడకం వల్ల హక్కు వచ్చిందని నిరూపించాలంటే 20 ఏళ్లు అడ్డంకి లేకుండా, హక్కుగా నడిచినట్టు చూపించాలి. నిన్న మొరం పోసిన దారికి 20 ఏళ్లు ఎక్కడి నుంచి తెస్తాం?

అందుకని ఇలా చేయండి. ఊరి నక్షా, అంటే సర్వే నంబర్లు చూపే ఊరి పటం, తీసుకోండి. బండ్ల బాట ఉంటే అందులో చుక్కల గీతలతో కనిపిస్తుంది, నక్షా బాట అంటే ఊళ్లో ఎవరైనా చెబుతారు. మీ సర్వే నంబరు దాకా నక్షా బాట వస్తే సగం టెన్షన్ పోయినట్టే. అక్కడి నుంచి మీ ప్లాటు దాకా ఉన్న దారికి, ఆ నేల ఎవరి పేరు మీద ఉందో వాళ్లు రిజిస్టరు చేసిన దస్తావేజు రాసివ్వాలి, వెడల్పు ఇన్ని అడుగులు, ఫలానా సర్వే నంబరులో ఇన్ని గుంటలు, రాకపోకలకు, కరెంటు లైనుకు, నీళ్ల పైపుకు శాశ్వత హక్కు అని. మీ సేల్ డీడ్‌లో హద్దుల దగ్గర “తూర్పు: 20 అడుగుల దారి” అని ఒక్క ముక్క రాస్తే చాలదు. దారి పక్క రైతుదైతే, అమ్మేవాడు రాసిచ్చే కాగితానికి విలువే లేదు.

ఇక చెల్లెళ్ల విషయం. “పెళ్లిళ్లయిపోయాయి, ఇవ్వాల్సింది ఇచ్చేశాం” అని మీతో కూడా అనే ఉంటారు. చట్టం ముందు ఆ మాట చెల్లదు. భూమి తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమాన వాటా. పిత్రార్జితమైతే 2005 సవరణ కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న గొడవకు కూడా సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తెర దించింది, బతికి ఉండాల్సిన పనిలేదంది. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు.

మరి పెద్దన్న పేరు మీదే పాస్‌బుక్ ఎలా వచ్చింది అంటారు. రెవెన్యూ రికార్డులో పేరు ఉండటం వేరు, హక్కు ఉండటం వేరు, ఈ మాట సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. పాస్‌బుక్ ఉన్నవాడు స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దార్ ఆఫీసుకు వస్తే రిజిస్ట్రేషన్ అయిపోతుంది, మీ చెల్లెళ్లేరీ అని అక్కడ ఎవరూ అడగరు. ఆ ప్రశ్న అడగాల్సింది మీరే. ఉమ్మడి ఆస్తిలోంచి తమను పక్కనపెట్టారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ల దాకా వాళ్లు వాటా కోసం దావా వేయొచ్చు. అప్పటికి మీ ఇల్లు లేచి ఉంటుంది, పిల్లలు ఆ ఊరి బడికి అలవాటు పడి ఉంటారు.

తల్లి ఉంటే తల్లి, ఇద్దరు చెల్లెళ్లు, తమ్ముడు, చెల్లెలు పోయి ఉంటే ఆమె పిల్లలు, అందరూ రిజిస్టరు చేసిన రిలీజ్ డీడ్, అంటే తమ వాటా వదులుకుంటున్నామనే దస్తావేజు, రాసివ్వాలి. నోటరీ కాగితం, తెల్లకాగితం మీద ఒప్పుకోలు పనికిరావు. నా సలహా ఒకటి, వీలైతే ఆ చెల్లెళ్లతో మీరే ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి. అమ్మేవాళ్లు నంబరు ఇవ్వడానికి తటపటాయిస్తే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

ఇల్లు కట్టుకోవడం సంగతి. పాస్‌బుక్ వస్తుందంటే అది వ్యవసాయ భూమి అని అర్థం. ఐదు గుంటలంటే 605 గజాలు, వినడానికి పెద్ద ప్లాటే, కానీ అందులో ఇల్లు కట్టాలంటే ముందు నాలా మార్పిడి, అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చుకోవడం, కావాలి, ఆ తర్వాత ఇంటి అనుమతి కావాలి. నాలా అయిపోయింది కాబట్టి లేఅవుట్ కూడా ఉన్నట్టే అని చెప్పేవాళ్లుంటారు, నమ్మొద్దు, రెండూ వేర్వేరు. చేను ముక్కలు చేసి, దారులు తీసి, ఇళ్లకని అమ్ముతుంటే దానికి లేఅవుట్ అనుమతి ఉండాలి, ఆ ఊరు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంటే వాళ్ల దగ్గర, లేకపోతే డీటీసీపీ (రాష్ట్ర పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ) దగ్గర. 500 చదరపు మీటర్లు దాటిన ప్లాట్ల ప్రాజెక్టు అయితే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో కూడా నమోదు కావాలి. నంబరు అడగండి, రెరా వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. పంచాయతీ ఇంటి నంబరూ, పన్ను రసీదూ పన్ను కట్టారని చెబుతాయి, అంతే. అవి మీకు హక్కునీ ఇవ్వవు, లేని అనుమతినీ తెచ్చిపెట్టవు. బ్యాంకుకు ఇంటి లోను కోసం వెళ్లి ఈ కాగితాలు చూపించండి, వాళ్ల లాయరు ఏం అడుగుతాడో విన్నా మీకు సగం విషయం తెలిసిపోతుంది.

కరెంటు కూడా చెప్పాలి. చేనులో బోరుకున్న వ్యవసాయ కనెక్షన్ నుంచి ఇంటికి లైను లాగేసుకోవచ్చు అంటారు. అది అనధికార వాడకం, పట్టుబడితే 2003 విద్యుత్ చట్టం కింద రెట్టింపు రేటుతో బిల్లు వేస్తారు. ఇంటికి ఇంటి మీటరే తీసుకోవాలి. కొత్త బోరు వేయాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి కావాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. భూభారతి అనే ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్‌లో ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. పాత పహాణీలు (ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చూపే రికార్డులు), ముఖ్యంగా 1954-55 కాస్రా పహాణీ నకలు తీయించండి, అందులో సర్కారీ అనో ఇనాం (దానంగా ఇచ్చిన భూమి) అనో శిఖం (చెరువు భూమి) అనో ఉంటే అక్కడే ఆగిపోండి, నాకు రాయండి. పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకమే చెల్లదు. ఈసీ, అంటే భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం, తీయించండి, పంట రుణం ఉందేమో బ్యాంకులో అడగండి. దగ్గర్లో చెరువు ఉంటే ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు, ఎక్కడుందో కనుక్కోండి, సుమారు 25 ఎకరాలు, ఆ పైన ఉన్న చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంట అయితే 9 మీటర్లు కట్టడాలకు పనికిరావు. మంచి వాన పడిన మర్నాడు ఒకసారి వెళ్లి చూసి రండి, నీళ్లు ఎటు నిలుస్తాయో కళ్లకే కనిపిస్తుంది. జీపీఏ (వేరొకరి తరఫున వ్యవహరించే అధికార పత్రం) మీద అమ్ముతామంటే ఒప్పుకోకండి, జీపీఏతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

డబ్బు విషయానికొస్తే, స్థిరాస్తి కోసం 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, తీసుకున్నవాడికి అంత మొత్తం జరిమానా పడొచ్చు. మీకు అంతకన్నా ముఖ్యం, నగదుకు సాక్ష్యం ఉండదు. ఇప్పటికే ఇచ్చిన 50 వేలకు రసీదు లేకపోతే, “ఫలానా సర్వే నంబరులో ఐదు గుంటలకు టోకెన్‌గా ఇంత ఇచ్చాం” అని పెద్దన్న ఫోన్‌కి ఈ రోజే మెసేజ్ పెట్టండి, ఆయన సరే అన్నా అది మీకు ఆధారమే.

శుక్రవారం వెళ్లండి, మానొద్దు. డబ్బు తీసుకెళ్లొద్దు, నాలుగు కాగితాలు అడగండి: కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మూడెకరాల పాస్‌బుక్ జిరాక్సు, లేఅవుట్ అనుమతి, దారి పడే సర్వే నంబర్ల వివరం. ఇస్తే, హక్కులో లోపం తేలితే అడ్వాన్స్ మొత్తం వాపసు ఇవ్వాలనే షరతుతో, అందరి సంతకాలతో అగ్రిమెంట్ రాసుకుని, పేపర్లో పబ్లిక్ నోటీసు వేసి, చెక్కు ద్వారా కొంత ఇవ్వొచ్చు. వేరే పార్టీ రెడీగా ఉంది, సాయంత్రానికి పోతుంది అంటే, పోనివ్వండి. టోకెన్ వాపసు అడుగుతూ నోటీసు నేను రాసిస్తాను.